గాలి పైపు పగిలితే: కంపెనీదా, బయటిదా?

మెకానిక్ బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే నల్ల రబ్బరు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వంచుతాడు. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉన్న గొట్టం అడుగున, మడతల మధ్య, వేలెడంత చీలిక నోరు తెరుస్తుంది. "హోస్ పోయింది సార్. కంపెనీది తెప్పించమంటారా, బయటిది వేసేయమంటారా?"

షోరూంలో దాని ధర ఒకటి. హైదరాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ధర మరొకటి. ఈ రెండూ కాక ఆన్‌లైన్‌లో తళతళలాడే అల్యూమినియం పైపులు, ఎర్రవీ నీలివీ సిలికాన్ హోసులు. బయటి పార్టు వేస్తే ఇంజిన్ షెడ్డుకెళ్తుందని షోరూం వాళ్లు బెదిరిస్తారు. రబ్బరు ముక్కకి అంత డబ్బేమిటని బజారు వాళ్లు నవ్వుతారు. ఎలాగూ మారుస్తున్నాం కదా, పవర్ పెరిగేదే వేద్దాం అని కుర్రాళ్లు ఉబలాటపడతారు. ముగ్గురి మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది. అయితే ముందు అడగాల్సింది ముగ్గురూ అడగరు: చీలిక ఎక్కడ పడింది? గాలి దారిలో ఫిల్టర్‌కి ముందా, ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్యా, టర్బో దాటాకా? జవాబును బట్టి బయటి పైపు బంగారమూ కావచ్చు, బండికి చేటూ కావచ్చు.

ఆ దారిలో పోయే గాలి మామూలుది కాదు. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలుకు లెక్కేస్తే అది సుమారు 9 వేల లీటర్లు. డీజిల్ ఇంజిన్ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది కాబట్టి దానికి ఇంకా ఎక్కువ. ట్యాంకు నింపిన ప్రతిసారీ కొన్ని లక్షల లీటర్ల గాలి ఆ గొట్టంలోంచి పోతుంది.

ఫిల్టర్‌కి ముందుండే భాగం, అంటే గ్రిల్ వెనక నుంచి గాలిని తెచ్చే ప్లాస్టిక్ ముక్కు, పగిలితే కంగారు అక్కర్లేదు. దుమ్మును ఎలాగూ ఫిల్టరే ఆపుతుంది. ఇంజిన్ కాస్త వేడిగాలి పీలుస్తుంది, చప్పుడు కొంచెం పెరుగుతుంది, అంతే. ఇక్కడ బజారు ముక్క వేసినా, పాత బండి నుంచి పీకిన ముక్క వేసినా పని గడిచిపోతుంది. కంపెనీదే కావాలని పట్టుబట్టడం డబ్బు దండగ. ఒక్కటే షరతు: ముక్కు మొదట ఎంత ఎత్తున ఉండేదో అంతే ఎత్తున ఉండాలి. ఎందుకో వానల సంగతి దగ్గర చెబుతాను.

అసలు చిక్కంతా ఫిల్టర్ దాటాకే. మంచి కాగితపు ఫిల్టర్ తన మీదికొచ్చిన దుమ్ములో 99 శాతం పైనే ఆపుతుంది. ఐఎస్ఓ 5011 అనే ప్రమాణం ప్రకారం, తూచిన దుమ్మును ఊది మరీ ఈ లెక్క తీస్తారు. మన ఫిల్టర్ 99.5 శాతం ఆపుతుందనుకుందాం. నూటికి అర వంతు లోపలికి పోతుంది. ఇప్పుడు ఫిల్టర్ తర్వాతి గొట్టం చీలి, మొత్తం గాలిలో నూటికి ఒక్క వంతు ఆ సందులోంచి దూరుతోందనుకుందాం. ఆ ఒక్క వంతూ వడకట్టనిది. సిలిండర్లోకి చేరే దుమ్ము అర నుంచి ఒకటిన్నరకు, అంటే మూడింతలకు పెరిగిపోయింది! ఖరీదైన ఫిల్టర్ కొని, పగిలిన హోస్‌ని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మన దుమ్ములో ఇసుక పాలెక్కువ. అది సిలిండరు పోత ఇనుము కంటే గట్టిది. 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు పిస్టన్ రింగుకీ సిలిండరు గోడకీ మధ్యనుండే పల్చటి ఆయిల్ పొరలో ఇరుక్కుని గోడను గీకుతూ పోతాయి. ట్రాక్టరున్న రైతుకు ఇది తెలియని సంగతేం కాదు. దుక్కిలోనూ నూర్పిళ్లలోనూ ట్రాక్టరు తాను లేపిన దుమ్ములో తానే పనిచేస్తుంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌ని కడుగుతారు, నూనె మట్టం చూస్తారు. దానికీ మానిఫోల్డ్‌కీ మధ్యనున్న జానెడు రబ్బరు హోస్‌ని మాత్రం తడిమి చూసేవాళ్లు తక్కువ. ఆ హోస్ చీలో, క్లిప్పు వదులయ్యో కొన్నాళ్లు గడిచిందంటే ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. తర్వాత ఇంజిన్ లోపలి ఆవిరిని వదిలే బ్రీదర్‌లోంచి పొగ. ఆపైన లైనర్లు, పిస్టన్లు, రింగులు. దీనికి పాతకాలపు పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా గాలి పీల్చే మూతిని చెక్కముక్కతో మూసేయాలి. గాలి అందక ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే గాలి మరెక్కణ్నుంచో వస్తోందని అర్థం. అరచేత్తో మాత్రం చేయకండి, టర్బో బండి మీద అసలే వద్దు.

దుమ్ము చేసే నష్టం ఏళ్ల తరబడి సాగుతుంది. మరో నష్టం వెంటనే తెలుస్తుంది, అదీ కొన్ని బండ్లలోనే. చాలా కార్లలో ఫిల్టర్ డబ్బాను ఆనుకుని మాఫ్ సెన్సార్ ఉంటుంది. వేడెక్కిన సన్నటి తీగ లేదా పొర మీదుగా గాలి పోతుంటే అది ఎంత చల్లబడుతోందో చూసి, ఎంత గాలి లోపలికెళ్తోందో కంప్యూటర్‌కి చెబుతుంది. కంప్యూటర్ ఆ లెక్క ప్రకారం పెట్రోలు చల్లుతుంది. సెన్సార్ దాటాక గొట్టం చీలితే, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. పెట్రోలు చాలదు. ఆక్సిజన్ సెన్సార్ అది పసిగడితే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. సర్దుబాటు హద్దు దాటితే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్‌లో పీ0171 అనే కోడ్ కనిపిస్తుంది. 2000 ప్రాంతపు బీఎండబ్ల్యూ ఈ46 దీనికి పెట్టింది పేరు. సెన్సార్‌కీ థ్రాటిల్‌కీ మధ్యనున్న రబ్బరు బూటు అడుగున మడతల్లో చీలుతుంది. ఊడదీసి సాగదీస్తే తప్ప కనిపించదు. అమెరికాలో చదువుకుంటూ ఇలాంటి పాత కారు చవగ్గా కొన్న మనవాళ్లు కొందరు ఆక్సిజన్ సెన్సార్లూ, స్పార్క్ ప్లగ్గులూ మార్చి, చివరికి ఈ బూటు దగ్గరికొస్తారు. ఈ చీలికకో లక్షణముంది: ఐడిల్‌లో బుద్ధిగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, అప్పుడు మడత విచ్చుకుంటుంది, బండి జర్క్ ఇస్తుంది. అందుకే నిలబెట్టిన బండిని చూసి "అంతా బాగానే ఉంది" అనేస్తారు.

మ్యాప్ సెన్సార్ మీద నడిచే ఇంజిన్లలో కథ వేరు. మన చిన్న పెట్రోలు కార్లలో చాలావాటిది ఈ పద్ధతే. అందులో సెన్సార్ మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని చూసి గాలిని లెక్కగడుతుంది కాబట్టి, థ్రాటిల్‌కి ముందున్న గొట్టం చీలినా లెక్క తప్పదు. లైటు వెలగదు, పికప్ తగ్గదు, మైలేజీ మారదు. దుమ్ము మాత్రం పోతూనే ఉంటుంది. నా దృష్టిలో ఏ సూచనా ఇవ్వని ఈ చీలికే అన్నిటికంటే ప్రమాదకరం. సర్వీసింగ్ అప్పుడు ఫిల్టర్ దాటిన వైపు గొట్టం లోపల వేలు పెట్టి రాస్తే, వేలికి గరగరలాడే దుమ్ము అంటకూడదు. ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

టర్బో దాటాక గొట్టం చీలితే తంతు తిరగబడుతుంది. అక్కడ గాలి ఒత్తిడితో ఉంటుంది కాబట్టి లోపలికి రాదు, బయటికి చిమ్ముతుంది. దీన్ని చూడాలంటే ట్యాక్సీ స్టాండుకు వెళ్తే చాలు. ఫియట్ వారి 1248 సీసీ మల్టీజెట్ ఇంజిన్ స్విఫ్ట్, డిజైర్లలో డీడీఐఎస్ అనీ, టాటా కార్లలో క్వాడ్రాజెట్ అనీ పేరు మార్చుకుని ఏళ్ల తరబడి మన రోడ్లను ఏలింది. బీఎస్-6 నిబంధనలు అమల్లోకొచ్చిన 2020 ఏప్రిల్‌తో మారుతి డీజిల్‌కు స్వస్తి చెప్పింది. మిగిలిన బండ్లన్నీ ఇప్పుడు వయసు మీదపడ్డవే, టర్బో గాలిని చల్లబరిచే వాటి ఇంటర్‌కూలర్ హోసులూ అంతే. లక్షణాలు డ్రైవర్లే చెప్పేస్తారు: ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పికప్ ఉండదు, వెనక నల్ల పొగ, బానెట్ కింద బుస్సుమనే చప్పుడు. సెన్సార్ లెక్కపెట్టిన గాలి సిలిండరు దాకా చేరదు, డీజిల్ మాత్రం ఆ లెక్కనే పడుతుంది. అదే నల్ల పొగ. స్కానర్ పెడితే టర్బో ఇచ్చే ఒత్తిడి, అంటే బూస్ట్, తక్కువైందని పీ0299 కోడ్ చూపిస్తుంది. సబ్బునీళ్లు పోసి ఐడిల్‌లో వెతికితే దొరకదు, ఎందుకంటే ఐడిల్‌లో బూస్టే ఉండదు. హోస్ మీద నల్లటి జిడ్డు మరక ఎక్కడుందో చూడాలి. గాలితోపాటు ఆయిల్ ఆవిరి చిమ్మి చీలిక చుట్టూ అంటుకుంటుంది.

అసలు హోస్ ఎందుకు చీలుతుంది? వేడి ఒక కారణం. ఎండాకాలంలో 40 డిగ్రీల గాలిని టర్బో రెండింతల ఒత్తిడికి నొక్కితే, అది ఇంటర్‌కూలర్ చేరేలోపు 150 డిగ్రీల ప్రాంతానికి వేడెక్కుతుంది. ఆయిల్ మరో కారణం. ఇంజిన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆవిరిని టర్బోకి ముందే గాలి గొట్టంలో కలుపుతారు కాబట్టి, ఆయిల్ పొర లోపలంతా పరుచుకుంటుంది. గాలిలోని ఓజోన్ మూడోది. సాగి ఉన్న రబ్బరు మీద అది సాగిన దిశకు అడ్డంగా పగుళ్లు తెస్తుంది, అందుకే చీలిక మడతల దగ్గరే మొదలవుతుంది.

బయటి హోస్ మంచిదా చెడ్డదా అన్నది తేలేది ఇక్కడే. ఈపీడీఎం రబ్బరు వేడినీ ఓజోన్‌నీ బాగా తట్టుకుంటుంది, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరు ఆయిల్‌కి లొంగదు, వేడికీ ఓజోన్‌కీ లొంగుతుంది. సిలికాన్ వేడికి రాజు. కానీ మామూలు సిలికాన్‌లోంచి ఆయిల్ ఆవిరి మెల్లగా ఊరి బయటికొస్తుంది. అందుకే టర్బో హోస్‌కు లోపల ఫ్లోరో పొర వేస్తారు. కంపెనీలు ఈ లెక్కలన్నీ చూసి ఏ చోటికి ఏ రబ్బరో నిర్ణయిస్తాయి. బజారు హోస్ మీద రబ్బరు పేరు సాధారణంగా ఉండదు. "అన్నా, ఇది ఏ రబ్బరు?" అని అడిగితే వచ్చే జవాబు "గ్యారంటీ మాల్ సార్" అనే.

అలాగని బయటివన్నీ ఒకే గాటన కట్టలేం. గేట్స్, కాంటినెంటల్ లాంటివి కార్ల కంపెనీలకు హోసులు సరఫరా చేసేవే. అవే తమ పేరుతో బజార్లో అమ్మితే, చాలాసార్లు కంపెనీ పార్టుతో సరితూగుతాయి, ధరా తక్కువ. టర్బో తర్వాతి హోస్‌కు నేనైతే ఇలాంటిదే ఎంచుకుంటాను, లేకపోతే లోపల పొర ఉన్న సిలికాన్. కోసిన అంచున గుడ్డ పొరలు స్పష్టంగా కనిపించాలి. లేనిది ఒత్తిడికి ఉబ్బి పగులుతుంది. ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్యన మాత్రం మెత్తటి సిలికాన్ పనికిరాదు. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిన రోజున అది పీల్పుకు లోపలికి అణగిపోయి, గాలి దారిని తానే మూసేస్తుంది. తీగ చుట్ట ఉన్నదైనా వాడాలి, మడతల గట్టి రబ్బరైనా వాడాలి.

ఇక అల్యూమినియం పైపు. కంపెనీ ఆ చోట మడతల రబ్బరు పెట్టింది షోకుకు కాదు. ఇంజిన్ ఊగుతుంది, బాడీకి బిగించిన ఫిల్టర్ డబ్బా ఊగదు, మధ్యలో ఆ తేడాను ఏదో ఒకటి మింగాలి. లోహపు పైపు వేస్తే ఆ భారమంతా రెండు చివరలనున్న పొట్టి రబ్బరు జాయింట్ల మీదా, థ్రాటిల్ బాడీ మీదా, ఫిల్టర్ డబ్బా ప్లాస్టిక్ మూతి మీదా పడుతుంది. ఇంకో ఇబ్బంది కొలతది. మాఫ్ సెన్సార్ చెప్పే లెక్క అది కూర్చున్న గొట్టం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 70 మిల్లీమీటర్ల చోట 76 మిల్లీమీటర్ల పైపు పెట్టి సెన్సార్‌ని అందులోకి మారిస్తే, వైశాల్యం 18 శాతం పెరుగుతుంది, గాలి వేగం 15 శాతం తగ్గుతుంది, సెన్సార్ గాలిని ఆ మేరకు తక్కువగా చెబుతుంది. చూపుకి పెద్ద తేడా కనిపించదు, ఇంజిన్‌కి మాత్రం చీలిన గొట్టంతో వచ్చిన జబ్బే మళ్లీ వస్తుంది.

పాత గొట్టానికున్న చిన్న చిన్న నిపుల్స్ సంగతీ చూడాలి. బ్రీదర్ పైపు వచ్చి కలిసే నిపుల్ కొత్తదానికి లేకపోతే, కొందరు మెకానిక్కులు ఆ పైపును గాలికి వదిలేస్తారు. కారులో ఆయిల్ వాసన, కింద ఆయిల్ చుక్కలు, పైగా కాలుష్య నిబంధనల ఉల్లంఘన. ఇంకొందరు బోల్టు పెట్టి బిరడా బిగిస్తారు. అప్పుడు క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు తన్నుకొస్తాయి. గొట్టం పక్కన బుడిపెలా ఉండే రెజొనేటర్ డబ్బా మాత్రం చప్పుడు తగ్గించడానికి పెట్టింది. అది లేకపోతే కొంపేం మునగదు, చెవులు ఒప్పుకోవాలి.

క్లిప్పుల గురించి ఎవరూ మాట్లాడరు గానీ, కొత్త హోస్ లీకైందంటే ముందు చూడాల్సింది వాటినే. స్క్రూ తిప్పి బిగించే క్లిప్పు 1921లో ఇంగ్లండులో ఒక నౌకాదళ అధికారి కనిపెట్టినది. అదే జూబ్లీ క్లిప్. నూరేళ్లైనా పని చేస్తూనే ఉంది. కానీ దాని పట్టీలోని గాళ్లు సిలికాన్‌ని కొరుకుతాయి, లోపల నున్నటి పట్టీ ఉన్న క్లిప్పో, టీ-బోల్ట్ క్లాంపో వాడాలి. టర్బో తర్వాత 50 మిల్లీమీటర్ల హోస్‌లో 1.2 బార్ బూస్ట్ ఉంటే, హోస్‌ని ఊడగొట్టే తోపు దాదాపు 24 కిలోలు. పైపు చివర ఉబ్బెత్తు అంచు లేకపోతే ఏ క్లిప్పూ నిలవదు. అదే ప్లాస్టిక్ మూతి మీద బలమంతా ఉపయోగించి బిగిస్తే మూతే పగులుతుంది.

పవర్ పెరుగుతుందన్న మాటలో పస ఎంత? మామూలు కారులో కంపెనీ గాలి దారి అంత ఇరుకైనదేం కాదు. పెరిగితే ఆ పెరుగుదల పై ఆర్పీఎంలో, స్వల్పంగా. బానెట్ కింద తెరిచిపెట్టిన కోన్ ఫిల్టర్ అయితే ఉన్నది పోగొట్టవచ్చు కూడా. బయటి గాలి కంటే 30 డిగ్రీల వేడిగాలి పీలిస్తే సాంద్రత దాదాపు 9 శాతం పడిపోతుంది. పెరిగేది మాత్రం చప్పుడు, అది పవరేనని చెవి నమ్మేస్తుంది.

చల్లగాలి కోసం కోన్ ఫిల్టర్‌ని ముందు చక్రం పక్కన కిందికి దించే కిట్ ఇంకో రకం. చలిదేశపు ఎండు రోడ్లకు సరే. 2020 అక్టోబరులో హైదరాబాద్‌నీ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడనీ చూసినవాళ్లు ఆ పైపును కొనకూడదు. 1248 సీసీ డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ 20 మిల్లీలీటర్లు కూడా ఉండదు. నాలుగు టీస్పూన్ల నీళ్లు చాలు, నొక్కుకుపోని నీటికీ పిస్టన్‌కీ మధ్య కనెక్టింగ్ రాడ్ వంగిపోవడానికి. పైగా మామూలు పాలసీలో ఇలాంటి ఇంజిన్ నష్టానికి బీమా సాధారణంగా వర్తించదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకుని ఉండాలి. ఫిల్టర్ ముందున్న ముక్కు ఎత్తు మార్చవద్దన్నది ఇందుకే.

చట్టం మాటకొస్తే, పగిలిన హోస్ స్థానంలో అదే కొలతల బయటి హోస్ వేయడం మరమ్మతు కిందికే వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకునేది రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ నిర్దేశించినవాటితో పొసగకుండా బండిని మార్చడాన్ని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకు నియమం మరీ స్పష్టం: పవర్ కోసం వేసే ఇన్‌టేక్ కిట్‌కు అక్కడి గాలి నాణ్యత బోర్డు ఇచ్చిన ఆమోద సంఖ్య లేకపోతే స్మాగ్ పరీక్షలో కంటితో చూసే తనిఖీలోనే బండి తప్పుతుంది. కంపెనీ పార్టుల ధరలు ఎందుకలా ఉంటాయన్నది వేరే పంచాయితీ. బయటి గ్యారేజీలకు విడిభాగాలు దొరక్కుండా చేస్తున్నాయంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు పై కోర్టులకెక్కాయి. డీజిల్ డిజైర్ లాంటి, తయారీ ఆగిపోయిన బండ్లకు రానురాను బజారు హోసే దిక్కవుతుంది.

దారిలో చీలితే సెల్ఫ్ ఫ్యూజింగ్ సిలికాన్ టేపు చుట్టి ఇంటికి చేరవచ్చు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి రెండు క్లిప్పులు బిగించినా చేరవచ్చు. ఎంసీల్ మాత్రం వంగే రబ్బరు మీద నిలవదు, పెచ్చు ఊడి లోపలికి పోతే ఇంకో తలనొప్పి. కొత్తది బిగించాక నాలుగు రోజులు తిరిగి, వేడెక్కి చల్లారిన తర్వాత క్లిప్పులు మరోసారి చూడాలి. మాఫ్ ఉన్న పెట్రోలు బండైతే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ చేసే పెట్రోలు సర్దుబాటు, సున్నా దగ్గరికి దిగిందో లేదో చూడాలి. ఇంకొకటి, ఎక్కువమంది వదిలేసేది: బానెట్ తెరిచి, ఒకరు గేరు వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని క్లచ్ కొద్దిగా వదులుతుంటే ఇంకొకరు పక్కనుంచి ఇంజిన్‌ని గమనించాలి. అది ఉన్నచోటు నుంచి ఎగిరిపడుతుంటే మౌంటింగ్ రబ్బర్లు పోయినట్టే. వాటిని మార్చకుండా కంపెనీ హోస్ వేసినా, బయటి హోస్ వేసినా, అదే మడత దగ్గర మళ్లీ చీలుతుంది.